భయం మూట విప్పండి

తెలుగు నేల మీద శ్మశానం గురించి మాట్లాడటానికి జంకనివాళ్లు ఎప్పుడూ ఉన్నారు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను రాగానే జాషువా పద్యాల కోసం ‘వన్స్ మోర్’ కొట్టిన జనం మనవాళ్లే. ఆ పద్యాలున్న ‘శ్మశానవాటి’ రాసిన గుర్రం జాషువా 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. తర్వాతి కాలంలో ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. మరి అదే నేల నుంచి బెంగళూరు వచ్చి, వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో స్థిరపడి, ఆదివారం తెలుగు ఆరాధన తప్పనివాళ్ల ఇంట్లో ఒక్కసారి “రేపు నాకేదైనా అయితే...” అని చూడండి. మాట పూర్తి కానివ్వరు. “అవేం మాటలండీ, యేసు నామంలో అలా అనకండి” అని నోరు మూయిస్తారు. ఈస్టరు నాడు పునరుత్థానం గురించి గొంతెత్తి పాడినవాళ్లే, సోమవారం వీలునామా మాట వింటే ఉలిక్కిపడతారు.

వాళ్లకు విశ్వాసం లేక కాదు. మరణ భయం అంటూ ఒక్క పేరు పెట్టి మనం మోస్తున్నది నిజానికి ఒక మూట. అందులో ఒకదానితో ఒకటి సంబంధం లేని భయాలు కనీసం ఐదున్నాయి. అన్నిటికీ కలిపి ఒకే ప్రార్థన చేస్తాం. భయం పోదు. నా విశ్వాసం చాలలేదేమోనని కుంగిపోతాం. మూట విప్పి ఒక్కొక్కటీ బయట పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. వాటిలో కొన్ని మోకాళ్ల మీద తీరతాయి, కొన్ని ఆసుపత్రిలో తీరతాయి, కొన్ని నోటరీ దగ్గర తీరతాయి.

ముందుగా ఒక సంగతి. భయపడటం పాపం కాదు. గెత్సేమనే తోటలో యేసు తన గిన్నె తొలగిపోవాలని వేడుకున్నాడు. కాసేపట్లో తానే లేపబోతున్న లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. హెబ్రీ పత్రిక తప్పుపట్టింది భయాన్ని కాదు, ఆ భయానికి జీవితాంతం బానిసై బతకడాన్ని. కాబట్టి “నాకు భయం లేదు” అని సాక్ష్యం చెప్పాల్సిన పనిలేదు. భయం చెప్పినట్టల్లా ఆడకుండా ఉంటే చాలు.

ఒకటి: “దేవుని ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడను?”

చిన్నప్పటి నుంచి మందిరంలో పెరిగినవాళ్లకు ఈ భయం ఎక్కువ. తీర్పు గురించి విన్న ప్రసంగాలన్నీ రాత్రిపూట గుర్తొస్తాయి. దీనికి మందు కృప ఒక్కటే. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగకు బాప్తిస్మం లేదు, సంఘ సభ్యత్వం లేదు, దశమభాగం ఇచ్చిన రశీదు లేదు. చివరి గంటలో అడిగాడు, దొరికింది.

అలాగని కృప ఉచితం కదా, చీటీ పాట డబ్బు ఎగ్గొట్టిన సంగతి దేవుడే చూసుకుంటాడు అనుకోకూడదు. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన రోజునే అతను లెక్కలు తీశాడు. సగం ఆస్తి పేదలకు, మోసం చేసి తీసుకున్నది నాలుగింతలు వెనక్కి ఇస్తానన్నాడు. క్షమాపణ దొరికిన మనిషికి బాకీ తీర్చడం భారం కాదు, ఊరట.

చేయాల్సింది: ఒక కాగితం మీద మూడు పేర్లు రాయండి. డబ్బు బాకీ ఉన్న మనిషి, మాట తూలిన మనిషి, మాటలు మానేసిన మనిషి. ఊళ్లో పొలం గట్టు దగ్గర తగవు పడి, పెళ్లిళ్లలో కూడా ఎదురుపడకుండా తప్పుకు తిరుగుతున్న అన్నయ్య ఉంటే, ఆయన పేరు మొదట రాయండి. ఈ సాయంత్రమే ఒకరికి ఫోన్ చేయండి. ఎవరిది తప్పన్న చర్చ వద్దు. “అన్నయ్యా, ఎలా ఉన్నావు” అంటే చాలు, మిగతాది దారి చూసుకుంటుంది.

రెండు: “నొప్పితో పోతానేమో”

చావంటే భయం లేదు కానీ పోయే తీరు తలచుకుంటే భయం అనేవాళ్లు చాలామంది. ఇది న్యాయమైన భయం. దీనికి జవాబు వైద్యంలో ఉంది. ఆ జవాబు కనిపెట్టినవాళ్లలో ముందు వరుసలో ఉన్నది ఒక విశ్వాసి. లండన్‌లో నర్సుగా మొదలై డాక్టరైన సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. రోగి నొప్పి ఒంటికి మాత్రమే సంబంధించింది కాదు, మనసు, కుటుంబం, ఆత్మ అన్నీ కలిసి నొస్తాయని, అన్నిటికీ కలిపి వైద్యం చేయాలని ఆవిడ చూపించారు. ప్రపంచమంతా నేడు పాలియేటివ్ కేర్ అంటున్నది ఆ దారిలోనే పెరిగింది.

బెంగళూరులో ఈ సేవ కోసం దూరం పోనక్కర్లేదు. మారతహళ్లి వైపు ఉన్న కరుణాశ్రయలో, వైద్యం ఇక పనిచేయని దశకు చేరిన క్యాన్సర్ రోగులను కులమతాల ప్రసక్తి లేకుండా ఉచితంగా చూసుకుంటారు. 1994లో ట్రస్టుగా మొదలైన ఈ సంస్థ 1999 నుంచి హాస్పిస్ నడుపుతోంది. హెబ్బాళలోని బెంగళూరు బాప్టిస్ట్ హాస్పిటల్‌లో, కోరమంగళ దగ్గరి సెయింట్ జాన్స్‌లో పాలియేటివ్ విభాగాలున్నాయి. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలు దొరకడం ఒకప్పుడు చాలా కష్టం. 2014లో చట్టం సవరించాక ఆ చిక్కు కొంత సడలింది.

అయినా మన సంఘాల్లో “నొప్పి మందు వాడితే విశ్వాసం తక్కువని కాదా?” అని అడిగేవాళ్లున్నారు. దారిపక్క పడి ఉన్న మనిషికి మంచి సమరయుడు మొదట ప్రసంగం చేయలేదు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు.

రెండో సంగతి ఐసీయూ. కోలుకునే ఆశ లేదని డాక్టర్లే చెప్పాక కూడా గొట్టాలు, వెంటిలేటర్ల మీద రోజులు లాగించాలా? ఈ ప్రశ్నకు జవాబు ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని తేలిక చేసింది. 18 ఏళ్లు నిండి, స్థిరమైన బుద్ధితో ఉన్న ఎవరైనా ‘లివింగ్ విల్’ రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరణ చేయించుకోవచ్చు. మీరు మాట్లాడలేని స్థితిలో మీ తరఫున నిర్ణయం ఎవరు చెప్పాలో అందులోనే పేరు రాయాలి. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరి 30న దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది.

ఇది ప్రాణం తీయించుకోవడం కాదు. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం మన దేశంలో నేరమే. పనికిరాని యంత్రాలు వద్దనడం వేరు. అసాధారణమైన వైద్యాన్ని రోగి తప్పనిసరిగా ఒప్పుకోవాలనే నియమం లేదని పోప్ పన్నెండో పయస్ 1957లోనే చెప్పారు.

చేయాల్సింది: ఒంట్లో బాగున్నప్పుడే మీ ఇష్టం ఇంట్లో చెప్పండి, కాగితం మీద పెట్టండి. ఒక ప్రతి మీ ఫ్యామిలీ డాక్టరుకు ఇవ్వండి. లేకపోతే ఆ బరువు అర్ధరాత్రి ఐసీయూ బయట నిలబడిన మీ పిల్లల మీద పడుతుంది. “నాన్నను మేమే చంపుకున్నామా” అన్న ప్రశ్న వాళ్లను ఏళ్ల తరబడి వదలదు.

మూడు: “నా వాళ్లేమైపోతారు?”

వీలునామా రాస్తే చావును పిలిచినట్టేనన్న బెదురు విశ్వాసుల ఇళ్లలోనూ ఉంది. హిజ్కియా రాజును గుర్తు చేసుకోండి. నువ్వు బతకవు, ఇల్లు చక్కబెట్టుకో అని యెషయా వచ్చి చెప్పాడు. రాజు ఏడ్చి ప్రార్థించాడు. ఆ మాట విన్న తర్వాత ఆయన ఇంకో 15 ఏళ్లు బతికాడు. ఇల్లు చక్కబెట్టుకోమన్న మాట విన్నంత మాత్రాన ప్రాణం పోదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ సిలువ దగ్గరే ఉంది. ప్రాణం పోతున్న ఆ గంటల్లో యేసు తల్లిని తన ప్రియ శిష్యుడికి అప్పగించాడు. లోకాన్ని రక్షించే పని మీద ఉండి కూడా, అమ్మ రేపటి నుంచి ఎవరింట్లో ఉంటుందో చూసుకున్నాడు.

మన సంగతికి వద్దాం. క్రైస్తవుల ఆస్తి పంపకానికి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా పోతే భార్యకో భర్తకో మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా వెళతాయి. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పిల్లలుంటే తల్లిదండ్రులకు చట్టప్రకారం వాటా రాదు. పిల్లలు లేకపోతే సగం జీవిత భాగస్వామికి, మిగతా సగం తండ్రికి. తండ్రి లేనప్పుడే తల్లికి వాటా, అదీ తోబుట్టువులతో కలిపి.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, నెలనెలా ఒంగోలులోనో నెల్లూరులోనో ఉన్న అమ్మకు మందుల ఖర్చు పంపే కొడుకులు, కూతుళ్లు ఎంతమంది! పిల్లలున్న కొడుకో కూతురో హఠాత్తుగా పోతే ఆ అమ్మకు చట్టం దగ్గర ఏ హామీ లేదు. హామీ వీలునామా ఒక్కటే. “నామినీగా అమ్మ పేరు పెట్టాను కదా” అంటారు. చాలా సందర్భాల్లో నామినీ డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే, సొంతదారు కాదు.

చేయాల్సింది: తెల్ల కాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. ఎవరికి ఏమివ్వాలో స్పష్టంగా రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయండి, వాళ్ల చేతా చేయించండి. వాటా పొందేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు, వాళ్లకు రాసింది చెల్లకుండా పోతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ, చేయిస్తే తర్వాత తగవులు తగ్గుతాయి. పక్కనే ఇంకో కాగితంలో బ్యాంకు ఖాతాలు, బీమా, పీఎఫ్, అప్పులు, ఫోన్ లాక్ ఎలా తీయాలో రాసి, ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇద్దరికి చెప్పండి.

నాలుగు: “దిక్కులేకుండా పోతానేమో”

సొంతూళ్లో ఎవరికైనా బాగోలేదంటే వీధి వీధంతా వస్తుంది. బెంగళూరు అపార్టుమెంటులో ఎదురింటివాళ్ల పేరు కూడా తెలియదు. వలస వచ్చినవాళ్లకు సంఘమే బంధుబలగం. ఆ బలగం ఆసుపత్రికి వచ్చినప్పుడు ఏం చేస్తుందో చూడండి. పదిమంది మంచం చుట్టూ నిలబడతారు. ఒకరి తర్వాత ఒకరు గట్టిగా ప్రార్థన చేస్తారు. “స్వస్థత వచ్చేసింది, నమ్మండి” అంటారు. ఫొటో తీసి గ్రూపులో పెడతారు. మంచం మీద ఉన్నాయన మధ్యలో ఒకటి రెండుసార్లు నోరు తెరుస్తాడు. తాను పోతానన్న సంగతి ఆయనకు తెలుసు, ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉంది. ఎవరూ అడగరు. చుట్టూ పదిమంది ఉండగానే ఆయన ఒంటరివాడవుతాడు.

పరామర్శకు వెళితే ఒక్కరో ఇద్దరో వెళ్లండి. నిలబడొద్దు, కుర్చీ లాక్కుని కూర్చోండి. “మీకు ఏది వినాలని ఉంది? ఏ పాట పాడమంటారు?” అని అడగండి. ప్రార్థన చిన్నదిగా చేయండి. వెళ్లేముందు ఆయన భార్యను పక్కకు పిలిచి “అక్కా, ఈ రాత్రి నేనుంటాను, మీరు ఇంటికెళ్లి పడుకోండి” అనండి. ఏ ప్రసంగమూ ఇవ్వలేని ఆదరణ అందులో ఉంది.

హోసూరు రోడ్డులోని కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కూడా రోగులు వస్తుంటారు. కన్నడం రాక, చీటీలో ఏముందో తెలియక, ఏ కౌంటరుకు పోవాలో అర్థంకాక వరండాల్లో కూర్చుంటారు. తెలుగు, కన్నడం రెండూ వచ్చినవాళ్లు నెలకో శనివారం వెళ్లి, వాళ్ల వెంట తిరిగి, డాక్టరు చెప్పింది అర్థమయ్యేలా చెబితే చాలు. రోగుల పక్కన కూర్చునే అలవాటు పడినవాళ్లకు తమ వంతు వచ్చినప్పుడు చావు కొత్త ముఖంలా అనిపించదు.

ఇంకో సంగతి కూడా ముందే చూసుకోవాలి. బెంగళూరు క్రైస్తవ శ్మశానాల్లో చోటు కరువు. కుటుంబ సమాధినే మళ్లీ తెరిచి వాడుకోవడం ఇక్కడ మామూలు. చోటు కావాలంటే సాధారణంగా సంఘ సభ్యత్వం, పాస్టరుగారి ఉత్తరం అడుగుతారు. పదేళ్లుగా ఇక్కడి ఆరాధనకు వస్తూ, సభ్యత్వం మాత్రం ఊళ్లోని సంఘంలోనే ఉంచుకున్నవాళ్లు ఉన్నారు. అవసరం పడిన రాత్రి వాళ్ల పిల్లలు రెండు ఊళ్లకూ ఫోన్లు చేస్తూ కూర్చుంటారు.

చేయాల్సింది: భూస్థాపన ఇక్కడా, ఊళ్లోనా అన్నది ఇప్పుడే నిర్ణయించుకోండి. ఇక్కడైతే సభ్యత్వం మార్పించుకోండి. నవంబరు 2న సమాధుల పండుగకు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. తాతయ్య సమాధికి వాళ్ల చేతే సున్నం వేయించి, ఆయన కథలు అక్కడే చెప్పండి.

ఐదు: “అసలు బతికినట్టే లేదే”

మూట అడుగున దాక్కునేది ఇదే. నలభై దాటాక, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఒక్కసారిగా పైకి వస్తుంది. ఇల్లు కొన్నాం, ఈఎంఐ కడుతున్నాం, పిల్లలు ఇంటర్నేషనల్ స్కూల్లో ఉన్నారు, ఇంతేనా?

లూకా సువార్తలో పంట బాగా పండిన ధనవంతుడి కథ చదవండి. పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టిద్దామనుకుంటాడు. మన లెక్కలో సర్జాపుర రోడ్డులో రెండో ఫ్లాటు. పంట పండటం తప్పని యేసు అనలేదు. ఆ మనిషి మాటల్ని గమనించండి. మొదటి నుంచి చివరిదాకా తనలో తానే మాట్లాడుకుంటాడు. భార్య లేదు, పాలేరు లేడు, పొరుగువాడు లేడు. అంత పంటలో ఇంకొకరి పేరు ఒక్కటీ రాదు. ఆ రాత్రి పోవడానికి ముందే అతని బతుకు ఖాళీ.

పేరు నిలవడానికి పెద్ద పనులే చేయనక్కర్లేదు. పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890లో కన్నుమూశారు. ఆయన కీర్తనలు నేటికీ తెలుగు సంఘాల్లో పాడుతూనే ఉన్నారు. అందరం కీర్తనలు రాయలేం. కానీ పనిమనిషి కూతురి కాలేజీ ఫీజు ఒక ఏడాది కట్టగలం. ఊరి నుంచి ఉద్యోగానికొచ్చి పీజీలో ఉంటున్న కుర్రాడిని ఆదివారం భోజనానికి పిలవగలం. చివరి తీర్పు గురించి మత్తయి చెప్పిన ఘట్టంలో అడిగే ప్రశ్నలన్నీ ఇలాంటివే. ఆకలికి అన్నం, దాహానికి నీళ్లు, జబ్బులో పలకరింపు. ప్రశ్నపత్రం ముందే చేతికిచ్చిన పరీక్ష అది.

పోయిన తర్వాత కూడా పనికొచ్చే దారి ఒకటుంది. 2021 అక్టోబరు 29న 46 ఏళ్లకే హఠాత్తుగా పోయిన కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ కళ్లు బెంగళూరులో నలుగురికి చూపునిచ్చాయి. తండ్రి రాజ్‌కుమార్ కూడా కళ్లు దానం చేసినవారే. కళ్లు ఇచ్చేస్తే పునరుత్థానంలో ఎలా అని కొందరు విశ్వాసులు వెనకాడతారు. మట్టిలో కలిసిపోయిన దేహాన్ని లేపగల దేవుడికి కంటి పొర ఒక సమస్య అవుతుందా? చనిపోయిన ఆరు గంటల్లోపు కళ్లు తీయాలి, కుటుంబం ఒప్పుకోవాలి. కాబట్టి మీ ఇష్టం ఇంట్లోవాళ్లకు ముందే తెలియాలి.

ధైర్యం వేరు, తెగింపు వేరు

“చావంటే భయం లేదు, దేవుడున్నాడు” అంటూ హెల్మెట్ లేకుండా బండి నడిపేవాళ్లు, బీపీ మాత్రలు మానేసేవాళ్లు ఉన్నారు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని అపవాది చెప్పినప్పుడు యేసు దూకలేదు. దేవుణ్ని పరీక్షించడం విశ్వాసం కాదు. మరణ భయం లేనివాడు ప్రాణాన్ని చులకన చేయడు, దాన్ని పట్టుకుని వేలాడడు కూడా.

అలా బతికిన మనిషిని చూడాలంటే పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివరి పేజీ తీయండి. తన పని ముగిసిందని, వెళ్లే వేళ దగ్గరపడిందని ఆయనకు తెలుసు. అది చెప్పిన కొద్ది వాక్యాలకే ఏం అడిగాడు? త్రోయలో కర్పు ఇంట్లో ఉండిపోయిన అంగీ తెమ్మన్నాడు. పుస్తకాలు తెమ్మన్నాడు, చర్మపు కాగితాలు మరవొద్దన్నాడు. చలికాలం రాకముందే వచ్చేయమన్నాడు. ఒకప్పుడు ఎవరిని వెంట తీసుకెళ్లనని పట్టుబట్టి బర్నబాతో తగవు పడ్డాడో, ఆ మార్కునే తోడు తెమ్మన్నాడు, అతను తనకు పనికొస్తాడన్నాడు. ఒంటికి వెచ్చదనం, చేతికి పని, పక్కన మనిషి, పాత తగవుకు ముగింపు. పరలోకం ఖాయమని నమ్మిన మనిషి అడిగినవి ఇవి.

మీ మూటలో ఈ ఐదింట్లో ఏది బరువో మీకే తెలుసు. దాన్నే ముందు తీయండి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, అందరూ ఉండగానే, “రేపు నాకేదైనా అయితే...” అని మొదలుపెట్టండి. నోరు మూయించబోతే నవ్వి, వాక్యం పూర్తి చేయండి. పూర్తి చేశాక సాంబారు వడ్డించమనండి. సాయంత్రానికి సాక్షులుగా ఉండటానికి ఇద్దరు స్నేహితుల్ని మాట్లాడుకోండి.